మన రూపాయిని అనుకరించిన చైనా రాష్ట్ర నాణెం

ఒక దేశపు నాణెం మరొక దేశపు అంగడిలో చెల్లడం కొత్త విషయం కాదు. కానీ అలా వచ్చి పాతుకుపోయిన పరాయి నాణేన్ని వెళ్లగొట్టడానికి దాని పరిమాణాన్ని, తూకాన్ని, చివరకు బొమ్మ తీరును సైతం అనుకరించి సొంత నాణెం ముద్రించవలసి రావడం అరుదు. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాల్లో చైనాలోని సిచువాన్ రాష్ట్రం ఈ పనే చేసింది. అది అనుకరించినది మన రూపాయిని. విక్టోరియా ముఖం ఉండవలసిన చోట మంచూ వంశపు చక్రవర్తి గ్వాంగ్షు ముఖాన్ని నిలిపి, వెనుకవైపు పూలతీగల మధ్య నాలుగు చైనా అక్షరాలు చెక్కి, సిచువాన్ టంకశాల ఆ నాణేన్ని టిబెట్ సరిహద్దు సంతల్లోకి వదిలింది. సామ్రాజ్య చైనా అంత్యదశలో వివిధ రాష్ట్రాలు వెలువరించిన వెండి నాణేలను సేకరించేవారికి నేడు అది ఎంతో ఆసక్తి కలిగించే వస్తువు.

ఈ కథకు బంగాళాఖాతంతో సంబంధం ఉంది. పందొమ్మిదో శతాబ్దిలో కలకత్తా నుంచి నల్లమందు పెట్టెలతో బయలుదేరిన ఓడలు అండమాన్, నికోబార్ దీవులను దాటి, మలక్కా జలసంధి మీదుగా చైనా రేవులకు చేరేవి. తిరుగు ప్రయాణంలో అవి తెచ్చిన చైనా వెండి దిమ్మలు మన దేశపు టంకశాలల్లో కరిగి రూపాయలుగా మారేవి. 1858లో పోర్ట్‌బ్లెయిర్‌లో శిక్షాస్థావరం ఏర్పడిన తరువాత ఆ దీవులూ ఇదే రూపాయి పరిధిలోకి వచ్చాయి. ఆ స్థావరంలో వాడుకకై 1861, 1866 సంవత్సరాల అంకెలతో రాగి రూపాయి టోకెన్లను సైతం ముద్రించారు.

పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. దానికి చేరువలో ఉన్న సిప్పీఘాట్ సుగంధద్రవ్యాల తోటలకు, వ్యవసాయ పరిశోధన క్షేత్రానికి పేరు పొందిన గ్రామం. అండమాన్, నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు 2011 జనగణన ప్రకారం సుమారు 13 శాతం. కళింగాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఉన్నాయి. బర్మా నుంచి తరలివచ్చినవారికి కూడా ఈ దీవుల్లో పునరావాసం కల్పించారు. తాతల నాటి వెండి రూపాయలను పెట్టె అడుగున దాచుకోవడం తెలుగు ఇళ్లలో పాత అలవాటే. అలా దాచిన రూపాయల్లో ఒకదానిపై రాణి బొమ్మకు బదులు మంచూ టోపీ ధరించిన పురుషుని బొమ్మ కనిపిస్తే, దానిని కంసాలి త్రాసులో వేయడానికి ముందు ఒకసారి ఆలోచించడం మంచిది. త్రాసు చెప్పేది వెండి ధర మాత్రమే.

తూకమే విలువ

చైనా ప్రజలకు శతాబ్దాల తరబడి తెలిసిన ప్రభుత్వ నాణెం ఒక్కటే. అది నడుమ చదరపు రంధ్రం గల రాగి కాసు. పెద్ద లావాదేవీలకు వెండిని వాడినా, దానిని నాణెంగా కాక దిమ్మగానే ఇచ్చిపుచ్చుకునేవారు. ఆ తూకానికి టేల్ అని పేరు. టేల్‌లో పదవ వంతు మేస్, నూరవ వంతు కాండరీన్. మరి టేల్ అంతటా ఒకటేనా అంటే, కాదు. ఖజానా టేల్ సుమారు 37.3 గ్రాములు కాగా, సుంకాల శాఖ టేల్ వేరు, ఒక్కొక్క వర్తక నగరపు టేల్ వేరు. ప్రతి బేరానికీ త్రాసు కావాలి, వెండి నాణ్యతను పరీక్షించేవాడూ కావాలి.

ఈ ప్రయాస నుంచి తప్పించిందే విదేశీ డాలరు. తొలుత స్పెయిన్ డాలర్లు, తరువాత గద్ద బొమ్మ గల మెక్సికో డాలర్లు చైనా రేవుల్లో విస్తారంగా చెలామణి అయ్యాయి. వర్తకులు వాటిని పరీక్షించి తమ గుర్తును నాణెంపై కొట్టేవారు. ఇప్పటికీ పాత డాలర్లపై కనిపించే ఆ చిన్న చిన్న అచ్చులు నాటి నమ్మకానికి సాక్ష్యాలు. అయితే దేశంలోని వ్యాపారమంతా పరాయి నాణెంపై ఆధారపడటం మంచూ ప్రభుత్వానికి ప్రతిష్ఠాభంగంగానూ, ఆదాయనష్టంగానూ తోచింది.

రాష్ట్రానికో టంకశాల

గ్వాంగ్‌డాంగ్, గ్వాంగ్షీ రాష్ట్రాల రాజప్రతినిధి జాంగ్ జిదోంగ్ ఈ లోపాన్ని పూరించడానికి తొలి గట్టి ప్రయత్నం చేశాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన హీటన్ కంపెనీ నుంచి యంత్రాలు తెప్పించి, 1889లో కాంటన్ నగరంలో ఆధునిక టంకశాల నెలకొల్పాడు. నాణెంపై ఒకవైపు చుట్టలు తిరిగిన డ్రాగన్, మరొకవైపు చక్రవర్తి పాలనానామం. మెక్సికో డాలరు కంటే తన నాణేనికే ప్రజలు మొగ్గు చూపాలన్న ఉద్దేశంతో తొలుత తూకాన్ని 7 మేస్ 3 కాండరీన్లుగా, అంటే సుమారు 27.2 గ్రాములుగా నిర్ణయించారు. కానీ రెండు నాణేలూ ఒకే ధరకు చెల్లే అంగడిలో బరువైన నాణేన్ని ఎవరూ ఖర్చు చేయరు. దాచుకుంటారు, లేదా కరిగిస్తారు. అందువల్ల త్వరలోనే తూకాన్ని 7 మేస్ 2 కాండరీన్లకు, అంటే దాదాపు 26.9 గ్రాములకు తగ్గించవలసి వచ్చింది. పాత తూకపు నాణేలు నేడు దుర్లభం కావడానికి ఇదే కారణం.

1895లో జపాన్ చేతిలో ఓటమి తరువాత హుబే, జిలి, ఆన్‌హుయ్, జియాంగ్‌నాన్, ఫెంగ్‌టియన్, సిచువాన్ తదితర ప్రాంతాలు వరుసగా సొంత నాణేలు వెలువరించాయి. అందుకు దేశాభిమానం ఒక్కటే కారణం కాదు. డాలరులో వెండి 90 శాతం ఉండగా, గ్వాంగ్‌డాంగ్ చిల్లర నాణేల్లో 82 శాతమే ఉండేది. మిగిలిన తేడా టంకశాల లాభం. దానితో 20 సెంట్ల నాణేలు వెల్లువెత్తాయి. ఒక రాష్ట్రపు నాణెం పొరుగు రాష్ట్రంలో వట్టం లేకుండా చెల్లని పరిస్థితి ఏర్పడింది. 1904లో జాంగ్ జిదోంగే హుబేలో ఒక టేల్ తూకపు నాణేన్ని ప్రయత్నించినా అది నిలదొక్కుకోలేదు. దేశమంతటికీ ఒకే డాలరు ఉండాలని 1910లో చట్టం వచ్చింది. 1911 అక్టోబరులో వూచాంగ్ తిరుగుబాటుతో సామ్రాజ్యమే కుప్పకూలింది.

ఈ గందరగోళమే సేకర్తకు పాఠ్యపుస్తకం అయింది. అనేక డ్రాగన్ డాలర్లపై రాష్ట్రం పేరు, తూకం ఇంగ్లీషులో కూడా ఉంటాయి కనుక చైనా లిపి రానివారు సైతం అది ఏ రాష్ట్రానిదో గుర్తించగలరు. అయితే ఏ రాష్ట్రపు నాణేలన్నీ ఒకే స్థాయిలో దొరకవు. జిలి రాష్ట్రపు బేయాంగ్ టంకశాల గ్వాంగ్షు 34వ సంవత్సరపు డాలరు సులభంగా కనిపిస్తుంది. షాన్సీ (పశ్చిమ) రాష్ట్రం పేరిట బర్మింగ్‌హామ్‌లో తయారైన 1898 నాటి నమూనాలు కొన్ని మాత్రమే మిగిలాయి. అవి చెలామణికి రానేలేదు.

నాణేలు తగ్గిపోవడానికి చరిత్ర కూడా తోడ్పడింది. 1914 తరువాత యువాన్ షికాయ్ బొమ్మ గల డాలర్లు దేశమంతటా వ్యాపించగా, పాత రాష్ట్ర నాణేలు కొలిమికి చేరాయి. 1934లో అమెరికా వెండి కొనుగోలు చట్టం చేయడంతో ప్రపంచ విపణిలో వెండి ధర పెరిగి, చైనా వెండి పెద్దఎత్తున తరలిపోయింది. 1935 నవంబరులో చైనా వెండి ప్రమాణాన్నే వదులుకుంది. ఈ ప్రవాహాలను తప్పించుకున్న నాణేలే నేడు సేకర్తల చేతికి వస్తున్నాయి. షాంగై ఆర్థిక వ్యాపార రంగంలో పనిచేసిన ఎడ్వర్డ్ కాన్ 1954లో వెలువరించిన సచిత్ర జాబితా ఈ రంగంలో ఇప్పటికీ ప్రామాణికంగా ప్రస్తావనకు వస్తుంది.

టిబెట్ బాటలో రూపాయి

సిచువాన్ పరిస్థితి తక్కిన రాష్ట్రాల కంటే భిన్నం. అక్కడ పోటీ మెక్సికో డాలరుతో కాదు, భారతదేశపు రూపాయితో. సిచువాన్ తేయాకు ఇటుకలు దార్‌చెందో, అంటే నేటి కాంగ్డింగ్ సంతలో చేతులు మారి టిబెట్ పీఠభూమి మీదికి పోయేవి. హిమాలయ కనుమల మీదుగా సాగిన ఉన్ని వర్తకంతో టిబెట్‌కు చేరిన భారత రూపాయలు అదే దారిన తూర్పుగా సాగి సిచువాన్ సరిహద్దు చేరాయి. 1903–04లో బ్రిటిష్ సేనలు లాసా వరకు వెళ్లినప్పుడు ఈ ప్రవాహం మరింత పెరిగింది.

పర్వతప్రాంత వర్తకునికి రూపాయి నచ్చడానికి కారణం సులువైనదే. వెండి దిమ్మను నరికి తూచాలి. రూపాయిని లెక్కపెడితే చాలు. 11.66 గ్రాముల బరువు, 12లో 11 పాళ్లు స్వచ్ఛమైన వెండి. కలకత్తాలో అచ్చయినా, బొంబాయిలో అచ్చయినా తేడా లేదు. కిరీటం ధరించిన విక్టోరియా బొమ్మను చూసి అక్కడివారు ఆమెను దేశదిమ్మరి లామాగా భావించారట. కిరీటం వారి కంటికి భిక్షువు టోపీలా తోచిందని, ఆ రూపాయికి అదే పేరు స్థిరపడిందని బ్రిటిష్ కాన్సులర్ అధికారి కోల్‌బర్న్ బేబర్ 1882లో ప్రచురించిన యాత్రావివరణలో నమోదు చేశాడు. రాణి ఎవరో తెలియని ప్రాంతంలో సైతం ఆమె నాణేనికి పలుకుబడి ఉన్నదంటే, అది ముఖాన్ని చూసి వచ్చినది కాదు, తూకాన్ని చూసి వచ్చినది.

ఈ నేపథ్యంలో 1902 ప్రాంతంలో సిచువాన్ అధికారులు సొంత రూపాయిని తలపెట్టారు. చెంగ్డూ టంకశాలలో రూపాయి, అర్ధ రూపాయి, పావలా ముద్రితమయ్యాయి. ముందువైపు ఎడమ దిక్కుకు చూస్తున్న చక్రవర్తి అర్ధచిత్రం. వెనుక పూల వలయంలో ‘సిచువాన్ రాష్ట్రంలో చేయబడినది’ అన్న అర్థాన్నిచ్చే అక్షరాలు. విలువను అంకెలలో చెప్పనే లేదు. దానిని 3 మేస్ 2 కాండరీన్లుగా లెక్కించేవారు. రాగి కాసులపై పాలనానామం తప్ప పాలకుని రూపం ఎన్నడూ వేయని చైనాలో, చెలామణి నాణెంపై చక్రవర్తి ముఖం కనిపించడం సంప్రదాయానికి విరుద్ధం. పోటీదారు నాణెంపై ముఖం ఉన్నది కనుక, ప్రజలు దానికి అలవాటుపడ్డారు కనుక, సంప్రదాయమే తలవంచింది.

దీనికి మరొక ఆర్థిక కోణం కూడా ఉంది. 1893లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ప్రజలు తెచ్చిన వెండిని రూపాయలుగా ముద్రించి ఇచ్చే పద్ధతిని నిలిపివేసింది. ఆ తరువాత రూపాయి మారకపు విలువను 16 పెన్నీల వద్ద నిలిపారు. వెండి ధర పడిపోతున్న ఆ రోజుల్లో రూపాయి మారకపు విలువ అందులోని వెండి ధరను మించిపోయింది. అనగా అదే పరిమాణపు నాణేన్ని చౌక వెండితో ముద్రించి, అదే విలువకు చెల్లించగలిగిన ప్రభుత్వానికి లాభం దక్కుతుంది. సిచువాన్ రూపాయి వెనుక రాజకీయంతో పాటు ఈ ఆకర్షణ కూడా ఉండే అవకాశం ఉంది.

అనుకరణ పెద్దఎత్తున విజయవంతమైంది. చక్రవర్తి గ్వాంగ్షు 1908లో మరణించాడు. 1911–12లో సామ్రాజ్యం అంతరించింది. అయినా ఆయన ముఖంతో రూపాయల ముద్రణ 1942 వరకు సాగింది. ఆ చివరి దశ ముద్రణ కాంగ్డింగ్‌లో జరిగింది. గణతంత్ర రాజ్యం గతించిన చక్రవర్తి బొమ్మను అచ్చువేస్తూ ఉండటానికి కారణం ఒక్కటే, సరిహద్దు ప్రజలు ఆ బొమ్మను నమ్మడం. కానీ 1930 దశకం నాటికి అందులో వెండి గణనీయంగా తగ్గిపోయింది. బొమ్మ మారలేదు, తూకంలోని నిజం మారింది. చిల్లర కోసం రూపాయిని రెండుగా నరికి వాడిన ముక్కలు కూడా నేటికీ కనిపిస్తాయి.

హాలీ, కల్దార్

తెలుగు పాఠకునికి ఇది పూర్తిగా పరాయి కథ కాదు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, బ్రిటిష్ కల్దార్ రూపాయలు పక్కపక్కనే నడిచిన కాలం పెద్దల జ్ఞాపకాల్లో వినవచ్చేది. హాలీ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అంటే స్వచ్ఛమైన వెండి 9.14 గ్రాములు. కల్దార్ రూపాయిలో అది 10.69 గ్రాములు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు అన్న వాడుక మారకం ఈ రెండు అంకెల నిష్పత్తికి దాదాపు సరిపోతుంది. ఇద్దరు ప్రభువుల ముద్రల మధ్య కూడా అంతిమ తీర్పు వెండిదే.

అయితే హైదరాబాద్ అనుసరించిన దారి వేరు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో యంత్రాలతో ముద్రించిన రూపాయిపై నిజాం ప్రభుత్వం చార్మినార్‌ను నిలిపింది. బ్రిటిష్ నాణేన్ని పోలి ఉండటానికి ప్రయత్నించలేదు, తేడాను బహిరంగంగానే ప్రకటించింది. 1903లో పని ప్రారంభించిన సైఫాబాద్ టంకశాల ఆ చరిత్రకు గుర్తు. సిచువాన్ మాత్రం పోలికనే ఆయుధంగా చేసుకుంది. సొంత నాణెం ప్రకటించుకోవడం, పరాయి నాణేన్ని అనుకరించడం అన్న రెండు మార్గాలూ ఒకే కాలంలో, ఒకే పరాయి రూపాయి ఎదుట ఎంచుకున్నవి కావడం గమనార్హం.

అసలు, నకిలీ

గత కొన్ని దశాబ్దాల్లో చైనాలో సంపద పెరగడంతో పాత నాణేలకు గిరాకీ కూడా పెరిగింది. దానితో పాటే నకిలీల బెడద కూడా. పర్యాటక ప్రాంతాల్లోనూ, పాతవస్తువుల బజారుల్లోనూ డ్రాగన్ డాలరు పేరిట చెల్లాచెదురుగా కనిపించే నాణేల్లో వెండే లేనివి ఉంటాయి. కొన్ని నిజమైన వెండితోనే తయారైన నకిలీలు కూడా ఉంటాయి. అందువల్ల వెండి అయినంత మాత్రాన అసలు అనుకోరాదు.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. నాణేన్ని ముందు గాలిలో తూచాలి. తరువాత దారంతో వేలాడదీసి నీటిలో మునిగి ఉండగా తూచాలి. గాలిలో 26.8 గ్రాములున్న నాణెం నీటిలో 2.6 గ్రాములు తగ్గితే, ఒకదానిని మరొకదానితో భాగిస్తే 10.3 వస్తుంది. 90 శాతం వెండి గల లోహానికి ఈ సంఖ్యే దాదాపుగా రావాలి. ఇత్తడికి అది 8.5 ప్రాంతంలో, రాగి–నికెల్ మిశ్రమానికి 8.9 ప్రాంతంలో ఉంటుంది. అయస్కాంతానికి అంటుకున్నది వెండి కానే కాదు. పోతపోసిన నకిలీలపై సన్నని గుంటలు, అంచున అతుకు గీత కనబడవచ్చు. డ్రాగన్ పొలుసులు అలికినట్లుగా ఉంటే అనుమానించాలి.

సిచువాన్ రూపాయి విషయంలో ఒక మెలిక ఉంది. చివరి దశ నాణేల్లో ప్రభుత్వమే వెండి తగ్గించింది కనుక, సంఖ్య తక్కువగా వచ్చినంత మాత్రాన అది నకిలీ అని నిర్ణయించరాదు. ఆ నాణెం ఏ రకానికి చెందినదో ముందు గుర్తించాలి. చక్రవర్తి మెడ వద్ద పట్టీ ఉన్నదా లేదా, వెనుకవైపు పూల అమరిక ఎలా ఉన్నది అన్న భేదాలు దీనికి తోడ్పడతాయి. పావలాలు, అర్ధ రూపాయలు పెద్ద నాణెం కంటే అరుదు. పెద్ద ధరకు కొనేవారు పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు పరీక్షించి భద్రపరచిన నాణేలను కోరడం పరిపాటి. వర్తకుల గుర్తు కొట్టిన నాణెం అందం తగ్గినా, అది నిజంగా చేతులు మారినదని చెప్పే ఆధారం.

చట్టాన్ని కూడా మరువరాదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లకు తగ్గని వయసు గల నాణెం పురావస్తువు. దానిని వ్యక్తులు దేశం వెలుపలికి పంపడం నిషిద్ధం, దానితో వ్యాపారం చేయడానికి లైసెన్సు అవసరం. విదేశీ వేలం సంస్థకు పోస్టులో పంపి ధర తెప్పించుకుందామన్న ఆలోచన చిక్కుల్లోకి నెట్టవచ్చు.

ఉప్పుగాలిలో వెండి

సేకరణలో కొనడం సగం పని, కాపాడటం మిగిలిన సగం. సిప్పీఘాట్ వంటి చోట ఈ రెండో సగమే కష్టం. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, సిప్పీఘాట్ పల్లపు పొలాల్లోకి సముద్రజలం చొచ్చుకువచ్చింది. వరిపండిన భూములు ఉప్పునీటి పాలయ్యాయి. ఏడాదిలో అధిక భాగం తేమగాలి, ఆ గాలిలో లవణం. గంధకపు జాడలతో వెండి నల్లబడటం లోతట్టు ఊళ్లలోనూ ఉన్నదే. లవణంతో వెండికి పట్టే బూడిదరంగు పొర అంతకంటే మొండిది.

దానిని చూసి కంగారుపడి చింతపండుతోనో, విభూతితోనో తోమడం మన ఇళ్లలో పాత్రలకు చేసే వైద్యం. నాణేనికి అది వినాశనం. అక్షరాల అంచులు, పొలుసుల గీతలు, తొలి మెరుపు ఒకసారి పోతే తిరిగి రావు. సేకర్త దృష్టిలో తోమిన నాణెం విలువ భారీగా తగ్గిపోతుంది. మామూలు ప్లాస్టిక్ సంచుల్లోని మెత్తదనపు రసాయనాలు కూడా వెండిపై జిగట పొర వదులుతాయి. కాగితపు అట్టల మధ్య పారదర్శకమైన పాలిస్టర్ పొరలో ఉంచి, గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లంతో దాచడం, ఆ పొట్లాన్ని తరచు మార్చడం, నాణేన్ని అంచులతో మాత్రమే పట్టుకోవడం వీటన్నిటికీ మేలు. అన్నిటికీ మించి ఆ నాణెం ఎక్కడిది, ఎవరి ద్వారా ఇంటికి వచ్చినది అన్న వివరాన్ని ఒక కాగితంపై రాసి దానితోపాటే ఉంచాలి. ఆ వివరం పోతే నాణెం చరిత్రలో సగం పోయినట్లే.

సిచువాన్ రూపాయిపై చక్రవర్తి ముఖం ఆయన మరణించిన తరువాత మూడు దశాబ్దాల పైగా అచ్చయింది. దానికి పూర్వం విక్టోరియా ముఖం, ఆమె ఎవరో తెలియని కొండల్లో లామా ముఖంగా చెల్లింది. ముఖాలు, బిరుదులు, ప్రభుత్వాలు మారాయి. అంగడిలో చివరకు నిలిచినది తూకంలోని నిజాయితీ. అది తగ్గిన చోట బొమ్మ ఎంత పరిచితమైనదైనా నమ్మకాన్ని నిలుపుకోలేకపోయింది. కరెన్సీ నడిపే ఏ ప్రభుత్వానికైనా ఈ చిన్న వెండి బిళ్ల చెప్పే పాఠం అదే.